వెనక సీటు కష్టాలు: జంటగా బైకు యాత్రలు చేసే పాఠకుల ప్రశ్నలకు జవాబులు

స్పోర్ట్ టూరింగ్ బైకుల (వేగంగా, దూర ప్రయాణాలకు అనువుగా చేసిన పెద్ద బైకుల) మీద జంటగా తిరిగే పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం వెనక కూర్చునేవారి ఇబ్బందుల గురించే. ఏడు ప్రశ్నలకు ఈ నెల జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నాది కవాసకి నింజా 1000ఎస్‌ఎక్స్. ఒక్కడినే అయితే రోజుకు 500 కి.మీ. హాయిగా నడుపుతాను. మా ఆవిడ వెనక కూర్చుంటే మాత్రం 60 కి.మీ. దాటేసరికి నడుము నొప్పి, కూర్చోలేను అంటుంది. సీటులో జెల్ వేయిస్తే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: జెల్ సంగతి చివర్లో చూద్దాం. ముందు మీరే వెనక సీట్లో కూర్చోండి. బాగా నడిపే స్నేహితుడికి తాళాలిచ్చి అరగంట తిరిగి రండి. నొప్పి ఎక్కడ పుడుతోందో మీకే తెలుస్తుంది. ఇలాంటి బైకుల్లో వెనక సీటు ఎత్తుగా, కాస్త ముందుకు వాలి ఉంటుంది. బ్రేకు పడిన ప్రతిసారీ ఆమె మీ వీపు మీదికి జారుతుంది, మళ్లీ వెనక్కి జరుగుతుంది. ఆ జారుడును ఆపుకోవడానికి తొడలు, నడుము దారంతా బిగబట్టుకునే ఉంటాయి. సీటు గట్టిగా ఉందని అందరూ అనుకునే నొప్పిలో చాలా భాగం ఇదే.

మొదట వెనక షాక్ (గతుకుల దెబ్బను స్ప్రింగుతో మింగే భాగం) చూసుకోవాలి. మీ ఒక్కరికి సరిపోయేలా పెట్టిన స్ప్రింగు, ఇంకో 60 కిలోల మనిషి, పది కిలోల సామాను ఎక్కేసరికి సగం పైగా కుంగిపోతుంది. ఆ తర్వాత గతుకు వస్తే షాక్‌కు కదలడానికి చోటుండదు, ఆ దెబ్బ నేరుగా ఆమె వెన్నుపూసకు తగులుతుంది. వెనక చక్రానికి ఆమె మీకంటే దగ్గరగా కూర్చుంటుంది కాబట్టి అదే గతుకు మీకు అంతగా తెలియదు.

కొలత ఇలా తీయండి. వెనక ఇరుసుకు నిట్టనిలువుగా పైన, తోక ప్లాస్టిక్ మీద ఒక టేపు ముక్క అంటించండి. బండిని సైడ్ స్టాండు వైపు వంచి, ఇద్దరు పట్టుకుని వెనక చక్రం నేలను వదిలేలా ఎత్తాక ఇరుసు నుంచి టేపు దాకా కొలవండి. ప్యాడాక్ స్టాండు (బండి వెనక భాగాన్ని ఎత్తి నిలిపే స్టాండు) మీద పెట్టి కొలిస్తే లెక్క తప్పుతుంది. ఆ స్టాండు స్వింగ్‌ఆర్మ్‌ను (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేతిని) ఎత్తుతుందే తప్ప షాక్ మీద బరువు తీయదు. తర్వాత ఇద్దరూ జాకెట్లు, హెల్మెట్లతో, సామానుతో సహా ఎక్కి కూర్చోండి. మూడో మనిషి అదే దూరం మళ్లీ కొలవాలి. రెండు కొలతల తేడా, చక్రం మొత్తం కదలికలో మూడో వంతు దగ్గర ఉండాలి. కదలిక 120 మి.మీ. అయితే తేడా 40 మి.మీ. అన్నమాట. కదలిక ఎంతో మీ బండి మాన్యువల్లో ఉంటుంది. తేడా ఎక్కువగా ఉంటే ప్రీలోడ్ (స్ప్రింగును ముందే ఎంత బిగించి ఉంచామన్నది) పెంచండి. మీ బండికి చేత్తో తిప్పే నాబ్ పక్కనే ఉంది, పానా అక్కర్లేదు. ఇద్దరూ దిగాకే తిప్పండి. ఎన్ని క్లిక్కులు తిప్పారో ట్యాంకు కింద ఒక స్టిక్కరు మీద రాసిపెట్టుకుంటే, ఒంటరిగా వెళ్లే రోజు మళ్లీ వెనక్కి తిప్పుకోవచ్చు.

ప్రీలోడ్ పెరిగితే స్ప్రింగు మరింత బలంగా పైకి తంతుంది. స్పీడ్ బ్రేకర్ దాటాక వెనక సీటు రెండు మూడుసార్లు ఊగుతుంటే రీబౌండ్ స్క్రూను (షాక్ తిరిగి పైకి లేచే వేగాన్ని అదుపు చేసేది) పావు తిప్పు చొప్పున బిగించి చూడండి. నాబ్ చివరిదాకా తిప్పినా కుంగుడు తగ్గకపోతే స్ప్రింగు మీ ఇద్దరి బరువుకు చాలదు. అప్పుడు గట్టి స్ప్రింగు వేయించడమే దారి.

టైర్ల గాలి స్వింగ్‌ఆర్మ్ మీదో, చైన్ కవరు మీదో ఉన్న స్టిక్కరు ప్రకారం, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. మెత్తగా ఉంటుందని నాలుగైదు పీఎస్‌ఐ తగ్గించేవాళ్లున్నారు. ఇద్దరి బరువుతో, హైవే వేగంలో అలా నడిపితే టైరు గోడలు వేడెక్కుతాయి. అది ప్రమాదం. షాక్ సరిచేశాక హెడ్‌లైటు కూడా ఒకసారి గోడ మీద చూసుకోండి. వెనక కుంగితే వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది.

ఇక సీటు. ముందుకు వాలిన సీటుకు ఎంత మెత్తటి ఫోమ్ వేసినా జారుడు ఆగదు. సీటు పనివాడికి ఇలా చెప్పండి: వెనక సీటు ముందు అంచు దగ్గర సుమారు 2 సెం.మీ. మందంతో మొదలై, వెనక్కి 12–15 సెం.మీ. వచ్చేసరికి సున్నా అయ్యేలా గట్టి రీబాండెడ్ ఫోమ్ (ఫోమ్ తునకలను కలిపి నొక్కి చేసినది) ముక్క చెక్కి అతికించాలి. ఆమె అందులో కుదురుగా కూర్చోవాలి. పైన రెక్సిన్ నున్నటిది వద్దు, కాస్త గరుకుగా ఉండాలి. ఎముకలు ఆనే చోట కుట్టు రాకూడదు. సీటు మొత్తాన్ని పెంచితే మోకాళ్లకు వెసులుబాటు దొరుకుతుంది గానీ తల ఇంకా గాలిలోకి లేస్తుంది. అందుకే 2 సెం.మీ. దాటనివ్వకండి.

జెల్ తోటి ఇబ్బంది ఏమిటంటే, ఎండలో గంట నిలిపితే సీటు పెనంలా కాలుతుంది. దానికంటే సీటు మీద పట్టీలతో కట్టుకునే గాలి దిండు నయం. చాలామంది దాన్ని బంతిలా ఊది, తేలిపోతోంది అని పక్కన పడేస్తారు. ముందు నిండా ఊది, ఆమె కూర్చున్నాక వాల్వు తిప్పి గాలి వదులుతూ రావాలి. శరీరానికీ సీటుకూ మధ్య 1 నుంచి 1.5 సెం.మీ. ఎడం మిగిలితే చాలు.

ఇవన్నీ చేశాక కూడా గంటకోసారి ఆగాల్సిందే. నొప్పి మొదలయ్యాక దిగితే తగ్గడానికి అరగంట పడుతుంది. మొదలవకముందే దిగి నాలుగడుగులు వేస్తే ఐదు నిమిషాలు చాలు.

ప్రశ్న: గేరు మార్చిన ప్రతిసారీ నా హెల్మెట్ మా ఆయన హెల్మెట్‌కు ఠక్కున తగులుతుంది. నేను సరిగ్గా కూర్చోవట్లేదంటారు. తప్పు ఎవరిదండీ?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఎక్కువ భాగం నడిపే చేతిదేనమ్మా. గేరు మార్చేటప్పుడు ఆయన యాక్సిలరేటర్‌ను పూర్తిగా వదిలేస్తున్నారు. దాంతో ఇంజను ఒక్కసారిగా బండిని వెనక్కి లాగుతుంది, మీ తల ముందుకు వెళ్తుంది. పై గేరు వేసేటప్పుడు చేతిని కొద్దిగా మాత్రమే వెనక్కి తిప్పి, క్లచ్ సగం నొక్కి, గేరు పడగానే రెండూ కలిపి మెల్లగా వదలమనండి. గేరు తగ్గించేటప్పుడు క్లచ్ వదిలేముందు యాక్సిలరేటర్ చిన్నగా ఇచ్చి ఇంజను వేగం పెంచితే కుదుపు ఉండదు. తొందరగా పై గేర్లలోకి వెళ్లి తక్కువ ఆర్‌పీఎంలో (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) నడిపినా కుదుపు సగానికి తగ్గుతుంది.

ఆగేటప్పుడు ముందు బ్రేకు కంటే ఒక క్షణం ముందు వెనక బ్రేకు తేలిగ్గా తాకితే బండి వెనక భాగం నేలకు అణుగుతుంది, ముందుకు తూలదు. ఇద్దరితో వెళ్లేటప్పుడు వెనక చక్రం మీద బరువు ఎక్కువ కాబట్టి ఆ బ్రేకు బాగా పట్టుకుంటుంది కూడా. మీరు చేయాల్సింది ఒక్కటే: ఆయన భుజం మీదుగా దారి చూస్తూ ఉండండి. ఆగబోతున్నామని మీకూ తెలిస్తే మెడ ముందే సిద్ధమవుతుంది.

ప్రశ్న: విశాఖ నుంచి అరకు వెళ్లేటప్పుడు శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలవగానే నాకు భయం. మలుపులో ఎటు వంగాలి? చేతులు ఎక్కడ పెట్టుకోవాలి? మా ఆయన నడుము పట్టుకుంటే నడపలేకపోతున్నానంటారు.
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: రెండు చేతులతో నడుము వాటేసుకుంటే ఆయన నడుము కదలదు, బ్రేకులో మీ బరువంతా ఆయన చేతుల మీద పడి హ్యాండిల్ మీదికి చేరుతుంది. ఘాట్ రోడ్డులో అది నిజంగా ఇబ్బందే. ఒక చేత్తో వెనక గ్రాబ్ రైల్ (సీటు వెనక ఉండే పట్టుకునే కడ్డీ) పట్టుకోండి, రెండో చెయ్యి ఆయన నడుము పక్కగా పోనిచ్చి అరచేతిని ట్యాంకు మీద ఆనించండి. వేగం పెరిగితే వెనక చెయ్యి ఆపుతుంది, బ్రేకు పడితే ముందు చెయ్యి ఆపుతుంది. ట్యాంకు అందకపోతే నడిపేవారు కట్టుకునే పిడులున్న బెల్టు దొరుకుతుంది, అది పట్టుకోండి. మోకాళ్లతో ఆయన తుంటిని రెండు వైపులా మెత్తగా నొక్కి ఉంచితే సగం బరువు చేతుల మీంచి దిగిపోతుంది.

మలుపులో మీరు ప్రత్యేకంగా వంగక్కర్లేదు, వంగకుండా నిటారుగా మొండికెయ్యనూ కూడదు. కుడి మలుపు అయితే ఆయన కుడి భుజం మీదుగా, ఎడమ మలుపు అయితే ఎడమ భుజం మీదుగా చూడండి. తల అటు తిరిగితే ఒళ్లు తనంతట తనే బండితో పాటు వంగుతుంది. మలుపు మధ్యలో మాత్రం సర్దుకుని కూర్చోవద్దు. ఆ సర్దుబాటు నేరుగా టైరుకు తెలుస్తుంది.

బయలుదేరే ముందే సైగలు అనుకోండి: తొడ మీద ఒక తట్టు అంటే నెమ్మది, రెండు అంటే వీలైన చోట ఆపు. హెల్మెట్‌లో ఇంటర్‌కమ్ ఉన్నా ఇవి ఉండాలి, బ్యాటరీ ఘాట్‌లోనే అయిపోవచ్చు.

ప్రశ్న: పెళ్లిళ్లకు చీర కట్టుకుని, ఒకే పక్కకు కాళ్లు పెట్టుకుని ఈ పెద్ద బైకు మీద వెళ్లొచ్చా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దండి. ఒక పక్కకు కూర్చుంటే బరువు మధ్య గీత నుంచి తప్పుతుంది, పట్టుకోవడానికి మోకాళ్లు పనికిరావు. గట్టిగా బ్రేకు వేస్తే మిమ్మల్ని ఆపేది ఏదీ ఉండదు. పైగా ఈ బైకుల ఫుట్‌రెస్టులు ఎత్తుగా, చిన్నగా ఉంటాయి, రెండు పాదాలు ఒకదాని మీద నిలవవు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన ప్రకారం వెనక కూర్చునేవారికి పిడి, ఫుట్‌రెస్టు, వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే శారీ గార్డు ఉండి తీరాలి. అందంగా లేదని గార్డు విప్పించేసినవాళ్లు దయచేసి మళ్లీ బిగించుకోండి. చున్నీ, కొంగు చైనుకో చక్రానికో చుట్టుకుంటే మెడకు ఉరి పడటానికి క్షణం చాలు. చీర బ్యాగులో పెట్టుకుని జీన్స్, జాకెట్, మడమ కప్పే షూలతో వెళ్లి అక్కడ మార్చుకోండి. చుడీదారే వేసుకోవాలంటే చున్నీ జాకెట్ లోపల పూర్తిగా దోపుకోండి. హెల్మెట్ ఐఎస్ 4151 (హెల్మెట్ల భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్నది, మీ తల కొలతది కావాలి. ఆయన పాత హెల్మెట్ మీకు వదులవుతుంది. వదులు హెల్మెట్ గాలికి ఊగి మెడ లాగేస్తుంది.

ప్రశ్న: మేము డల్లాస్‌లో ఉంటాం. యమహా ఎఫ్‌జేఆర్1300 సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ముందున్న గాలి అద్దం (విండ్‌స్క్రీన్) పూర్తిగా పైకి లేపితే నాకు నిశ్శబ్దంగా ఉంటుంది, కానీ వెనక మా శ్రీమతికి తల దడదడలాడుతుందట.
— ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: అద్దం అంచు దాటిన గాలి మీ తల మీదుగా వెళ్లి, మీకంటే ఎత్తులో ఉన్న ఆమె హెల్మెట్ దగ్గర సుడి తిరుగుతోంది. మీ బండి అద్దం మీటతో కదులుతుంది కాబట్టి పరీక్ష తేలిక. ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంలో వెళ్తూ కింది నుంచి కొంచెం కొంచెంగా పైకి లేపండి. ఎక్కడ బాగుందో ఆమె చెప్పాలి, అక్కడే ఆపండి. మీ ఛాతీకి కాస్త గాలి తగులుతుంది, ఓర్చుకోండి. ఆమె మీకు దగ్గరగా జరిగి కూర్చుంటే మధ్యలో గాలి చేరే ఖాళీ తగ్గుతుంది. చెవుల్లో మెత్తటి ఫోమ్ బిరడాలు పెట్టుకుంటే సాయంత్రానికి ఆమె అలసట సగం తగ్గుతుంది. ఇంకో మాట: ఆ బండి ట్యాంకు 25 లీటర్లు, నిండితే దాదాపు 400 కి.మీ. వెళ్తుంది. పెట్రోలు ఉంది కదా అని అన్ని కిలోమీటర్లు ఒక్క విడతలో లాగవద్దు.

ప్రశ్న: నా బజాజ్ డోమినార్ 400 బైకుకు వెనక ఆనుకోవడానికని 45 లీటర్ల టాప్ బాక్స్ పెట్టించాను. 90 దాటితే హ్యాండిల్ సన్నగా ఊగుతోంది.
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: బాక్స్ వెనక ఇరుసు కంటే వెనక్కి వేలాడుతోంది. అక్కడ పెట్టిన ప్రతి కిలో ముందు చక్రాన్ని కొద్దిగా ఎత్తుతుంది. క్యారియర్ మీద, బాక్స్ లోపల ఎంత బరువు మోయగలదో ముద్రించి ఉంటుంది, రెంటిలో తక్కువ అంకె పాటించండి. నీళ్ల సీసాలు, పనిముట్లు పక్క బ్యాగుల్లోకి మార్చి, పైన రెయిన్‌కోట్, తువ్వాళ్ల వంటి తేలికవే ఉంచండి. టైర్ల గాలి, స్టీరింగ్ బేరింగు కూడా చూపించండి. అప్పటిదాకా వేగం 80 దాటనివ్వకండి. ఆనుకోవడం వరకు అయితే 2021 నుంచి ఆ బండికి కంపెనీ ఇచ్చే చిన్న బ్యాక్‌రెస్టే మేలు, అది శరీరానికి దగ్గరగా ఉంటుంది.

ప్రశ్న: మే నెలలో హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లాలి. గాలి వచ్చే మెష్ జాకెట్ కొన్నా మా ఆవిడ ఉడికిపోతానంటోంది.
— ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ఒంటి వేడి కంటే బయటి గాలి వేడిగా ఉన్నప్పుడు మెష్ జాకెట్ చల్లబరచదు, వడగాలినే లోపలికి పంపుతుంది. లోపలి నూలు బనియన్ తడిపి వేసుకుని, జాకెట్ గాలి రంధ్రాలు సగం మూసి వెళ్తే తడి ఆరేకొద్దీ చల్లగా ఉంటుంది. ప్రతి విరామంలో మళ్లీ తడపండి. ఆగిన ప్రతిసారీ ఇద్దరూ గ్లాసు నీళ్లు తాగాలి, లీటరుకు కలిపే ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు వెంట ఉంచుకోండి. వెనక కూర్చున్నవారు మాట తగ్గించేసినా, పట్టు సడలినా, తల తిరుగుతోందన్నా వెంటనే నీడలో ఆపి జాకెట్ విప్పించి మెడ మీద నీళ్లు పోయండి.

దారిలో వచ్చే మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. తెల్లవారుజామున 4కి ఇంట్లో బయలుదేరి, మధ్యలో ఒకటి రెండుసార్లు ఆగినా గేటు తెరిచిన కాసేపటికే అక్కడుంటారు. అడవి దారి చల్లటి పూట దాటేసి, ఎండ ముదిరేలోపే శ్రీశైలం చేరిపోవచ్చు.