పాఠకుల ప్రశ్నలు: గుడ్డ ముక్క గుచ్చిన పారిస్ బొమ్మ

ప్రశ్న: ఒక మ్యూజియం సేకరణలో 1950ల నాటి పారిస్ ఫ్యాషన్ బొమ్మ చూశాను. పెన్సిల్ గీతలు, కొద్దిగా గువాష్ (నీటితో కలిపి వేసే మందపాటి) రంగు, మూలన ఒక అంకె, ఒక స్త్రీ పేరు, గుండుసూదితో గుచ్చిన గుడ్డ ముక్క. ఇవన్నీ దేనికి?

జవాబు: అది గోడకు తగిలించడానికి గీసింది కాదు, కుట్టు గదికి పంపిన పని కాగితం. అంకె ఆ సీజన్ కలెక్షన్‌లో ఆ డిజైన్ నంబరు. పేరు సాధారణంగా ప్రదర్శనలో ఆ డ్రెస్సు వేసుకోబోయే మోడల్‌ది. ఆమె ఒంటి మీదే దాన్ని సరిచూసేవారు. కొన్నిటి మీద కుట్టు గది పెద్ద పేరు ఉంటుంది. కాబట్టి పేరు కనబడగానే అది గీసినవారి సంతకం అనుకోవద్దు.

పారిస్ ఫ్యాషన్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్ సంస్థలో ఆయన వేసిన చిన్న చిన్న స్కెచ్‌లు ముందు కుట్టు గదులకు వెళ్లేవి. అక్కడ తెల్లటి నూలు గుడ్డతో నమూనా కుట్టి, మోడల్‌కు తొడిగి చూసి, నచ్చితేనే అసలు గుడ్డ కోసేవారు. సూట్లు, కోట్లు కుట్టే గది వేరు, జారుగా ఉండే గౌన్ల గది వేరు.

ఇక గుడ్డ ముక్క. బొమ్మలో అన్నిటికన్నా విలువైనది అదే అని మా అభిప్రాయం. గీత ఆకారం చెబుతుంది గానీ బరువు చెప్పలేదు. ఒకే గీతతో వేసిన పావడాను టఫెటాతో కుడితే బిరుసుగా నిలబడుతుంది, క్రేప్‌తో కుడితే కాళ్ల మీదికి వాలిపోతుంది. 1947 ఫిబ్రవరి 12న డియోర్ చూపిన తొలి కలెక్షన్‌లోని వెడల్పాటి పావడాలు గుడ్డ ఎంపిక తప్పితే నిలిచేవి కావు. పైగా వెలుతురుకు గువాష్ రంగు పాలిపోయి ఉంటే, ముక్కను మడిచిన చోట లోపలి వైపు అసలు రంగు మిగిలి ఉండవచ్చు.

ప్రశ్న: పత్రికలకు వేసిన బొమ్మను, డిజైన్ స్కెచ్‌ను ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: కుట్లు చూడండి. ఫ్యాషన్ చిత్రకారుడు రెనె గ్రూఓ వేసిన ప్రకటనల బొమ్మల్లో ఊపు, భంగిమ ముఖ్యం. డిజైన్ స్కెచ్‌లో డార్ట్‌లు (ఒంటికి అమరేలా వేసే మడత కుట్లు), బొత్తాలు, పక్కన చిన్నగా వెనక భాగం కనిపిస్తాయి. అన్ని బొమ్మల్లో ఒకే భంగిమ, శుభ్రమైన గీత ఉంటే అది డ్రెస్సు పూర్తయ్యాక రికార్డు కోసం వేసింది కావచ్చు. డిజైన్ తమదేనని చూపడానికి ఇలాంటి రికార్డులకు అవసరం ఉండేది. కాపీల బెడద ఎంత తీవ్రమంటే, దుస్తుల వంటి సీజన్ పరిశ్రమల కోసమే ఫ్రాన్స్ 1952 మార్చి 12న ప్రత్యేక చట్టం చేసింది.

ప్రశ్న: నా దగ్గరున్న అలాంటి బొమ్మకు గుండుసూది తుప్పు పట్టింది. తీసేయనా?

జవాబు: లాగవద్దు. తుప్పు కాగితం పోగులకు అతుక్కుని ఉంటుంది, సూదితో పాటు కాగితమూ చిరుగుతుంది. కాగితాల సంరక్షకులు సూదికి, కాగితానికి మధ్య పల్చటి పాలిస్టర్ ఫిల్మ్ దూర్చి, మెల్లగా వదులు చేస్తారు. సూది తీశాక ముక్క ఎక్కడ, ఏ వైపుగా ఉందో ఫొటో లేకపోతే ఆ సమాచారం పోయినట్టే. అందుకే ముందు ఫొటో తీయండి. సెల్లోటేపు అసలు వాడవద్దు, దాని జిగురు ఇంకి గోధుమ రంగు మరకవుతుంది. గువాష్ పొడిబారి రాలుతుంది కాబట్టి ఫ్రేము అద్దం బొమ్మను తాకకుండా మౌంట్ (మధ్యలో ఎడం ఉంచే అట్ట) పెట్టించండి. వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటకూడదు, అదీ ఏడాదిలో కొన్ని నెలలే. మిగతా కాలం ఆమ్లరహిత ఫోల్డర్‌లో, గుడ్డ ముక్క మీద ఆమ్లరహిత టిష్యూ కాగితం కప్పి, బోర్లించకుండా పడుకోబెట్టి ఉంచండి.