స్కానర్ కొనబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు రేడియో స్కానర్, అదే, విమానాలవాళ్లూ అంబులెన్సులవాళ్లూ రేడియోలో మాట్లాడుకునేవి వెతికి వినిపించే పెట్టె, కొంటున్నావని మీ నాన్న చెప్పాడు. విని ఎంత మురిసిపోయానో, అంత టెన్షనూ పట్టుకుంది. ఫోన్లో చెబితే సగం గాలికి వదిలేస్తావు, అందుకే రాస్తున్నాను.

ముందు నువ్వున్న చోట ఏం వినడానికి చట్టం ఒప్పుకుంటుందో కనుక్కో. ఒక్కో దేశానికి ఒక్కో రూలు. తర్వాత అక్కడ నడిచే డిజిటల్ రేడియో పద్ధతి పీ25నో, డీఎంఆరో, టెట్రానో చూడు. పెట్టె మీద ‘డిజిటల్’ అని ఉన్నంత మాత్రాన మూడూ వినపడతాయని కాదు. ఎన్‌క్రిప్షన్ ఉన్న, అంటే మాటకి తాళం వేసి పంపే, ఛానెల్ ఎంత ఖరీదైన స్కానర్‌లోనూ రాదు, దాని జోలికి పోకు. అసలు డబ్బు పోసేముందు కంప్యూటర్‌కి తగిలించే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌తో చెయ్యి అలవాటు చేసుకో. టీవీ కోసం చేసిన ఆ చిన్న ముక్క ఇన్ని ఫ్రీక్వెన్సీలు పట్టగలదని 2012లో బయటపడింది. మా రోజుల్లో అదుంటేనా!

అనుమతి ఉంటే విమానాలతో మొదలుపెట్టు. 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య పైలట్లు ఇప్పటికీ పాత ఏఎం పద్ధతిలోనే మాట్లాడతారు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కీచుమంటుంది, రెండో మనిషి ఉన్నాడని తెలుస్తుంది. ఎఫ్‌ఎంలో అయితే బలమైన సిగ్నల్ రెండోదాన్ని మింగేస్తుంది.

పాత అనలాగ్ రేడియోలో, హోరును నొక్కిపెట్టే స్క్వెల్చ్ మీట తగ్గించి, ఆ హోరులోంచే గొంతు ఏరుకునేవాళ్లం, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. డిజిటల్‌లో ఆ అవకాశం లేదు. సిగ్నల్ ఒక హద్దు దిగితే మాట ముక్కలై, ఇంకా దిగితే ఏమీ వినపడదు. అందుకే యాంటెనా ఎత్తులో పెట్టు.

ఇక నా అసలు భయం. నాతో కలిసి వినే స్నేహితుడొకడు ఒక రాత్రి అంబులెన్స్ కాల్ విన్నాడు. తెలిసిన వీధి, ఊపిరి ఆడని పెద్దాయన. హోరులో ఇంటి నంబరు సగమే వినపడింది. మిగతా సగం వాడే ఊహించుకుని, వేరే ఊళ్లో ఉన్న కొడుక్కి ఫోన్ చేశాడు. సాయం చేద్దామనే. ఆ అబ్బాయి రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చేసరికి తండ్రి గుమ్మంలో పేపర్ చదువుతున్నాడు. కాల్ పక్కింటిది. ఆ అబ్బాయి గేటు పట్టుకుని అక్కడే కూలబడిపోయాడు. మా వాడు ఆ తర్వాత స్కానర్ ముట్టలేదు.

ఇప్పుడు మాట స్పష్టంగా వస్తుంది, నాకలా జరగదులే అనుకోకు. మాట స్పష్టంగా ఉన్నా, మొదట వచ్చే కబురే తప్పు కావచ్చు. పైగా ఇప్పటి సాఫ్ట్‌వేర్ ప్రతి కాల్‌నీ టైముతో సహా రికార్డు చేసి ఉంచగలదు. ఒక్క వేలు తగిలితే వందమందికి వెళ్లిపోతుంది. ఎవరి ఇంటి కష్టాన్నీ గ్రూపుల్లో పెట్టావని వినకూడదు నేను. పెట్టావో, ఆ స్కానర్ నేనే వచ్చి పట్టుకుపోతాను.

నీ మనసు మెత్తన, నాకు తెలుసు. ఏదైనా విని నిద్ర పట్టకపోతే ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి. పేర్లూ చిరునామాలూ చెప్పక్కర్లేదు.

మీ పెదనాన్న