అలసట రాకముందే ఆగడం: మేనల్లుడికి ఒక లేఖ

హనుమకొండ

చిరంజీవి మేనల్లుడికి మీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. హుజూరాబాదు బడిలో పై అంతస్తు తరగతికి వెళ్లేటప్పుడు సగం మెట్ల దగ్గర ఆగి గోడ పట్టుకోవలసి వస్తోందనీ, సాయంత్రం ఇల్లు చేరాక అన్నం తినే ఓపిక కూడా ఉండడం లేదనీ, ఇన్నేళ్లుగా మంచి కాలు అనుకున్న ఎడమ కాలే ఇప్పుడు వణుకుతోందనీ వ్రాశావు. “నాకు సోమరితనం పట్టిందేమో మామా” అన్న వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అది సోమరితనం కాదు. నాకు కూడా నీ వయసులోనే, 46 దాటాక, ఇలాగే మొదలైంది. దానికి ఒక పేరు ఉందని తెలుసుకోవడానికి ఆరేళ్లు పట్టింది, ఆ ఆరేళ్లలో పోగొట్టుకున్న బలంలో చాలా భాగం తిరిగి రాలేదు. నీకు ఆ ఆలస్యం జరగకూడదని ఇంత వివరంగా వ్రాస్తున్నాను.

దీనిని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. చిన్నతనంలో పోలియో వైరస్ మన వెన్నుపాములో కండరాలను కదిలించే నాడీకణాలను చంపివేసింది. బతికిన కణాలు కొత్త కొమ్మలు వేసి, దిక్కులేకుండా మిగిలిన కండర పోగులను కూడా తామే నడిపించసాగాయి. అన్నదమ్ములు పోయిన ఇంట్లో మిగిలిన ఒక్కడే అందరి చెలకలూ దున్నుకుంటూ వచ్చినట్లు అనుకో. పసితనంలో పడిపోయిన మనం మళ్లీ లేచి నడిచింది ఆ ఒక్కడి కష్టం వల్లనే. అయితే 30, 40 ఏళ్లు అంత బరువు మోసిన తరువాత వాడు అలసి ఒక్కొక్క చెలకనే వదిలివేయడం మొదలుపెడతాడు, అందువల్ల కొత్త బలహీనత, నిద్రపోయినా తీరని అలసట, కండరాల నొప్పి వస్తాయి. పోలియో తిరగబెట్టలేదు, ఇది ఎవరికీ అంటుకోదు, నీ పిల్లలకు దీనివల్ల ఏ భయమూ లేదు. పోలియో సోకని కాలు అనుకున్నదానిలో కూడా ఆనాడు కొన్ని కణాలు పోయి ఉండవచ్చు. పైగా రెండో కాలి పని కూడా ఇన్నాళ్లూ అదే చేసింది. నీ ఎడమ కాలు వణకడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ముందుగా వైద్యుడి విషయం. ఇది ఫలానా జబ్బేనని తేల్చే ఒకే ఒక్క పరీక్ష లేదు. పోలియో వచ్చి తగ్గిన తరువాత కనీసం 15 ఏళ్లు నిలకడగా ఉండి, ఆ పైన మొదలైన బలహీనత ఏడాదికి మించి కొనసాగుతూ, దానికి వేరే కారణం కనిపించనప్పుడే ఈ పేరు పెడతారు. కాబట్టి థైరాయిడ్, రక్తహీనత, షుగర్, బీ12, డీ విటమిన్ల లోపం, గుండె జబ్బు, వెన్నెముకలో నరం నొక్కుకుపోవడం వంటివి లేవని ముందు తేల్చుకోవాలి. వాటిలో ఏది ఉన్నా వైద్యం ఉంది, దానితో సగం అలసట తగ్గినా తగ్గవచ్చు. వరంగల్ ఎంజీఎంలో గానీ హైదరాబాదు నిమ్స్‌లో గానీ నరాల వైద్యులకు చూపించుకో. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో మన దేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతమంతా పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అది మనందరికీ సంతోషమే. అయితే నేటి యువ వైద్యులలో చాలామంది పోలియో రోగిని చూసి ఉండరు. ఏ వయసులో వచ్చింది, ఏ అవయవం ముందు పడిపోయింది, ఎప్పుడు నడిచావు, ఇప్పటి మార్పు ఎప్పుడు మొదలైంది అన్న వివరాలు ఒక కాగితం మీద వ్రాసుకొని పో. బలహీనతకు సెలైన్ ఎక్కించుకోవడం, ఆర్‌ఎంపీ దగ్గర బలం సూదులు వేయించుకోవడం మాత్రం చేయకు. ఈ జబ్బును నయం చేసే మందు ఇంతవరకు లేదు.

ఇక అసలు సంగతి. నీ అమ్మమ్మ నన్ను గోడ పట్టించి నడిపించేది. పడితే చేయి అందించేది కాదు, “నువ్వే లే” అనేది. నిన్ను కూడా మా అక్క అలాగే పెంచింది. ఆ పట్టుదల లేకపోతే నేను తాలూకా ఆఫీసులో గుమస్తా అయ్యేవాణ్ణి కాదు, నీవు పంతులు అయ్యేవాడివి కాదు. కానీ ఆ పట్టుదలే ఇప్పుడు మన కండరాలకు చెరుపు చేస్తుంది. కాళ్లు బలహీనపడుతున్నాయని చెప్పినప్పుడు ఒక ఆసుపత్రిలో బాగా నడవమన్నారు. నేను ఏడు నెలల పాటు ప్రతి తెల్లవారీ పబ్లిక్ గార్డెన్‌లో నాలుగు చుట్లు తిరిగాను. కాళ్లు లాగినకొద్దీ ఇంకో చుట్టు ఎక్కువ తిరిగాను. చివరికి ఒకరోజు కుడి మోకాలు మడతపడి పడిపోయి తొడ ఎముక విరిగింది. పోలియో సోకిన కాలి ఎముక సన్నబడి ఉంటుంది, తొందరగా విరుగుతుంది.

అప్పటినుండి నేర్చుకున్నది ఇది: అలసిపోయిన తరువాత విశ్రమిస్తే లాభం తక్కువ, అలసట రాకముందే ఆగాలి. వానాకాలంలో చెరువు నిండా నీళ్లున్నాయని నీరటి తూము పూర్తిగా ఎత్తివేయడు కదా. ఓపిక ఉన్న రోజున పనులన్నీ చేసేయాలని నీకు అనిపిస్తుంది, దెబ్బ మరునాడో ఎల్లుండో తెలుస్తుంది. అందుకే రెండు వారాల పాటు ఒక నోటుబుక్కులో గంట గంటకూ ఏమి చేశావో, అలసటకు పదికి ఎన్ని మార్కులో వ్రాయి. మా అమ్మాయి పెళ్లికి ముందు నేను అలా వ్రాసి ఉంటే, వచ్చినవాళ్లను పలకరిస్తూ రోజంతా నిలబడి ఆ తరువాత మూడు వారాలు మంచానికి అతుక్కునేవాణ్ణి కాదు. మేడారం జాతరకు పోవాలనుకుంటే ముందు రెండు రోజులు, తరువాత మూడు రోజులు ఖాళీగా ఉంచుకొని పో. ఒకే రోజున రెండు బరువైన పనులు పెట్టుకోకు.

బడిలో కూర్చొని పాఠం చెప్పు. ఎత్తైన స్టూలు ఒకటి వేయించుకో. చేయి పైకెత్తి బోర్డు మీద వ్రాయడం భుజానికి ఎంత భారమో నీకు తెలుసు, అది పిల్లలతో వ్రాయించు. మధ్యాహ్నం భోజనం తరువాత 20 నిమిషాలు వెల్లకిలా పడుకో. కుర్చీలో కునుకు తీస్తే వెన్ను కండరాలకు విశ్రాంతి దొరకదు. తరగతిని కింది అంతస్తుకు మార్చమని హెడ్మాస్టరుకు లిఖితపూర్వకంగా విన్నవించు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగికి తగిన వెసులుబాటు కల్పించడం యాజమాన్యం బాధ్యత. నీవు దయ అడగడం లేదు. ఇంట్లో పీట మీద వంగి స్నానం చేయడం మాని ఎత్తు కుర్చీ మీద కూర్చో, గోడకు పట్టుకునే కడ్డీ బిగించుకో, వెస్టర్న్ కమోడ్ పెట్టించుకో.

వ్యాయామం పూర్తిగా మానవద్దు, మానితే ఉన్న బలం కూడా పోతుంది. ఫిజియోథెరపిస్టు ఒక్కొక్క కండరాన్ని చేతితో అదిమి చూసి సున్నా నుండి 5 వరకు అంకె వేస్తారు. 3, అంతకు మించి వచ్చిన కండరాలకు మాత్రమే బలం పెంచే వ్యాయామం, అది కూడా తేలికగా, రోజు విడిచి రోజు, మధ్యలో ఆగుతూ చేయాలి. అంతకు తక్కువ ఉన్నవాటికి సాగదీయడం చాలు. మరునాటికి కూడా నొప్పి గానీ అలసట గానీ మిగిలి ఉంటే నీవు ఎక్కువ చేశావని అర్థం, వెంటనే సగానికి తగ్గించు.

కర్ర గురించి మొహమాటపడ్డావు. నేను కూడా కర్ర పడితే ఓడిపోయినట్లే అనుకొని పదేళ్లు పట్టలేదు. తొడ విరిగాక పట్టిన కర్ర ముందే పట్టి ఉంటే తొడ విరిగేది కాదు. కాలికి ఆసరాగా కట్టుకునే నీ పాత ఇనుప కాలిపర్ చాలా బరువు, ఇప్పుడు పాలీప్రొపిలీన్‌తో తేలికైనవి చేస్తున్నారు. కొలతలు ఇచ్చి చేయించుకో, బజారులో దొరికినది తొడగకు. దూరం పోవలసినప్పుడు చక్రాల కుర్చీ అడగడానికి వెనుకాడకు. ఆ దూరం నడవకపోవడం వల్ల మిగిలిన ఓపికతో నీ పిల్లలతో మాట్లాడగలుగుతావు.

మరి రెండు మూడు సంగతులు. చలికాలంలో పోలియో కాలు నీలిరంగుకు తిరిగి చల్లబడి మరింత బలహీనపడుతుంది, తెల్లవారుజామునే ఊలు మేజోళ్లు వేసుకో. పొద్దున తలనొప్పితో లేవడం, రాత్రి గురక, పగలు ఆపుకోలేని నిద్ర, పడుకుంటే ఆయాసం, మింగేటప్పుడు పొరబోవడం కనిపిస్తే నిర్లక్ష్యం చేయకు. శ్వాస కండరాలు బలహీనపడితే నిద్రలో వాడే యంత్రం ఉంది, దానితో పగటి అలసట బాగా తగ్గుతుంది. ఎప్పుడు ఏ ఆపరేషన్ అయినా, పంటి వైద్యమైనా, మత్తు డాక్టరుకు పోలియో సంగతి ముందుగా చెప్పాలి, ఎందుకంటే మత్తు, కండరాలను సడలించే మందులు మనలాంటివారికి తక్కువ మోతాదులోనే ఎక్కువ పని చేస్తాయి, తేరుకోవడానికి సమయం పడుతుంది. ఈ మాటను ఒక చీటీ మీద వ్రాసి ఆధార్ కార్డుతో పాటు పర్సులో పెట్టుకో. కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతూ కండరాల నొప్పి ఎక్కువైతే వాటి సంగతి కూడా డాక్టరును అడుగు.

దసరా సెలవుల్లో ఇక్కడికి రా. బస్సు కాదు, కారు మాట్లాడుకొని రా, ఖర్చు నేను పెట్టుకుంటాను. రెండు వారాల నోటుబుక్కు, వైకల్యం ధ్రువీకరించే పాత సదరం సర్టిఫికెట్టు, ఇప్పుడు వాడుతున్న కాలిపర్ వెంట తెచ్చుకో. మా ఇంటి గడప దగ్గర వాలుబాట వేయించాను, నీకు మెట్లెక్కే పని లేదు. నీ పడక కింది గదిలోనే ఉంటుంది. మరునాడు ఇద్దరం కలిసి ఎంజీఎంకు పోదాం.

మీ మామయ్య