పళ్లు ఊడిన కింది దవడ ఏ జంతువుదో ఎలా గుర్తుపట్టాలి?

వెటర్నరీ మొదటి ఏడాది ఎముకల పరీక్షలో ఆవు, గుర్రం, పంది, కుక్క కింది దవడలు కలగాపులగం అయిపోతున్నాయని, పళ్లు లేని ఎముక చేతికిస్తే ఏమీ తోచడం లేదని అడిగారు. మా రోజుల్లోనూ ల్యాబ్‌లో ఉన్న దవడల్లో చాలావాటికి పళ్లు రాలిపోయి ఉండేవి. అందుకే పళ్ల జోలికి పోకుండా ముందు గడ్డం దగ్గర చూడడం నాకు అలవాటైంది.

కుడి, ఎడమ సగాలు కలిసే ఆ చోటే సింఫిసిస్. గుర్రప్పిల్లకు రెండు మూడు నెలలు వచ్చేసరికి రెండు సగాలూ ఒకే ఎముకగా అతుక్కుపోతాయి. పందిలోనూ చిన్నప్పుడే కలిసిపోతాయి. ఆవు, గొర్రె, మేకల్లో ముదిమి దాకా పూర్తిగా అతుక్కోవు. కుక్క, పిల్లుల్లోనైతే సాధారణంగా చివరిదాకా విడిగానే ఉంటాయి. కాబట్టి ఉడికించి శుభ్రం చేసినప్పుడు వీటి దవడ రెండు ముక్కలుగా ఊడి వస్తుంది. మీకు సగం ఎముకే ఇస్తే ఆ అంచును వేలితో తడమండి. గరుకుగా, గాడులు గాడులుగా తగిలితే దానంతటదే విడిపోయింది. చదునుగా ఉండి లోపలి గుల్ల ఎముక కనిపిస్తుంటే ఎవరో రంపంతో కోశారు, అంటే చాలావరకు గుర్రమో పందో అయి ఉంటుంది. నా లెక్కలో సగం పని ఇక్కడే అయిపోతుంది.

తర్వాత వెనక చివర. పళ్ల గుంటల వరుస వెంట ఒక గీత ఊహించుకోండి. కుక్కలో కీలు కుదిరే కాండైల్ దాదాపు ఆ గీత మీదే ఉంటుంది, గుర్రంలో, ఆవులో చాలా పైన. ఇది బట్టీ పట్టాల్సిన విషయం కాదు, నమిలే తీరు తెలిస్తే చాలు. కీలు పళ్ల మట్టంలో ఉంటే దవడ కత్తెరలా వెనక నుంచి ముందుకు మూసుకుంటుంది, మాంసం తెగుతుంది. కీలు పైకి ఉంటే దవడ పళ్లన్నీ ఒక్కసారే ఆనుతాయి, దవడను పక్కకు జరుపుతూ మేత నూరడానికి అదే వీలు. కుక్కలో ముఖ్యమైన కండరం టెంపొరాలిస్. అది పట్టుకునే కొరనాయిడ్ ప్రాసెస్ (కాండైల్‌కు ముందు పైకి లేచే ఎముక కొస) అందుకే అంత వెడల్పు. మేసే జంతువుల్లో పెత్తనం మాసెటర్ అనే చెంప కండరానిది, దానికి చోటివ్వడానికే దవడ మూల విశాలంగా ఉంటుంది. కుక్కలో ఆ మూల దగ్గర వెనక్కి పొడుచుకొచ్చిన చిన్న కొస కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

వైవాలో ఇబ్బంది పెట్టేది ఆవు, గుర్రం జంటే. ఆవు కొరనాయిడ్ పొడవుగా లేచి వెనక్కి ఒంపు తిరుగుతుంది, కాండైల్ పైభాగం కాస్త పల్లంగా ఉంటుంది. గుర్రంలో కాండైల్ ఉబ్బుగా, ఎముక కింది అంచు తిన్నగా ఉంటుంది. ఆవుకు ముందు 8 గుంటలు, అన్నీ లోతు తక్కువే. చివరి రెండూ నిజానికి కోరపళ్లవే, రూపం మారి ముందు పళ్లలో కలిసిపోయాయి. గుంటలు లోతు లేకపోవడం వల్లే బతికున్న ఆవుకు ముందు పళ్లు కొంచెం కదులుతాయి. అది జబ్బేమోనని కంగారుపడి అడిగినవాళ్లు నాకు తగిలారు. గుర్రానికి 6 గుంటలు, లోతుగా ఉంటాయి. కింది అంచు మీద రక్తనాళాలు దాటే నొక్కును కూడా వెతకండి. గుర్రం నాడి చూసేది అక్కడే, మాసెటర్‌కు కాస్త ముందు.

గొర్రెదా మేకదా అని ఒక్క దవడ చూసి నేనైతే పందెం కాయను.

ఇక పంది. మందంగా, బరువుగా ఉంటుంది, కొరనాయిడ్ చిన్నది, మగదైతే కోరపన్ను గుంట ఎముకలోకి చాలా దూరం వెళ్తుంది. బయటి వైపు మెంటల్ ఫోరామెన్‌లు, అంటే గడ్డం దగ్గర నరాలు బయటికొచ్చే రంధ్రాలు కూడా లెక్కపెట్టండి: గుర్రానికీ ఆవుకూ పక్కకు ఒక్కటే, కుక్కకు రెండు మూడు, పందికి ఇంకా ఎక్కువ ఉండొచ్చు.