గుండెలో రంధ్రం ఉంటే కళ్ళెందుకు చూపించుకోవాలి?

పుట్టుకతో గుండె జబ్బు ఉన్న ఒక పాప తల్లిదండ్రులు, తమ బిడ్డకు కంటి పరీక్ష కూడా రాశారనీ, అది నిజంగా అవసరమా లేక ఆసుపత్రివారు పెంచే ఖర్చా అనీ అడిగారు. అవసరమే. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా చెల్లెలు.

ఆమెకు గుండె కింది గదుల మధ్య గోడలో పెద్ద రంధ్రం ఉంది. పెద్దయ్యాక అదే పూడుకుంటుందని అప్పట్లో ఎవరో వైద్యులు చెప్పడంతో దాన్ని మూయించడం జరగలేదు. చిన్న రంధ్రాలు పూడుకోవడం మామూలే గాని, ఇంత పెద్దవి సాధారణంగా పూడవు. వాటి గుండా అదనంగా పారే రక్తం ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల రక్తనాళాలను గట్టిపరచి, చివరికి ప్రవాహపు దిశనే తిప్పివేస్తుంది. ఐసెన్‌మెంగర్ సిండ్రోమ్ అనే ఈ దశలో ఆక్సిజన్ అందని రక్తం నేరుగా ఒంట్లోకి కలుస్తుంది, పెదవులూ గోళ్ళూ నీలంగా మారతాయి, రంధ్రాన్ని మూయడమే ప్రమాదమవుతుంది.

ఒక మే నెలలో బంధువుల పెళ్ళికని రాజమండ్రి నుంచి కారులో బయలుదేరాం. దారిలో ఆడవాళ్ళకు శుభ్రమైన మరుగుదొడ్డి దొరకదన్న భయంతో ఆమె నీళ్ళు తాగడమే మానేసింది. కోట్లు పోసి రహదారులు వేసే ప్రభుత్వాలకు ఈ చిన్న సంగతి ఎందుకు పట్టదో నాకు అర్థం కాదు. మర్నాడు ఉదయానికి కుడి కంటికి మసక తెర కట్టింది. కళ్ళద్దాల దుకాణంలో అక్షరాలు చదివించి, పవర్ మారిందని చెప్పి, కొత్త అద్దాలకు అడ్వాన్సు అడిగారు. అక్కడి నుంచి లేచి ఒక కంటి ఆసుపత్రికి వెళ్తే, కౌంటరు దగ్గర ఇచ్చిన కాగితంలో షుగరు, బీపీ ఉన్నాయా అని మాత్రమే ఉంది, గుండె ఊసే లేదు.

చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక లోపలికి చూసిన వైద్యుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆమె చెయ్యి వెలుతురులోకి తీసుకుని, ఉబ్బిన వేలికొనలనూ నీలపు గోళ్ళనూ చూసి, "అమ్మా, గుండెకు ఎక్కడ చూపించుకుంటున్నావు?" అని అడిగారు. రెటీనా, అంటే కంటి వెనక చూపును గ్రహించే పొర, దాని మీది సిరలు ఉబ్బి మెలికలు తిరిగాయనీ, ప్రధాన సిరలో రక్తం దాదాపు నిలిచిపోయి చుట్టూ రక్తపు మరకలు పడ్డాయనీ చెప్పి, వెంటనే రక్తపరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ 22, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల వాటా) 67 శాతం వచ్చాయి, రెండూ ఉండవలసినదానికంటే చాలా ఎక్కువ. ఆ కాగితం చూసిన మా మామయ్య, మన ఇంట్లో ఎవరికీ లేనంత రక్తం దీనికే ఉందని సంతోషించాడు. రక్తం ఎక్కువైతే బలమనే నమ్మకం మన ఇళ్ళలో ఎంత పాతుకుపోయిందంటే, ఆమె పెదవులు నీలంగా కనబడుతున్నా బీట్‌రూట్ రసం తాగమనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఆక్సిజన్ చాలనప్పుడు మూత్రపిండాలు పంపే హార్మోను వల్ల మూలుగలో ఎర్రకణాలు అదే పనిగా తయారవుతాయి. అలా ముదురు పాకంలా చిక్కబడిన రక్తం, ఒంట్లో నీరు కూడా తగ్గితే, కంటిలోని సన్నని సిరల్లో కదలలేదు. అందుకే మొదట సెలైన్ ఎక్కించారు. గుండె వైద్యురాలు ఫోనులో నర్సుతో, గొట్టంలో ఒక్క గాలి బుడగ కూడా పోకూడదనీ, ఈమెకు అది ఊపిరితిత్తులలో ఆగకుండా రంధ్రం దాటి మెదడుకు చేరవచ్చుననీ గట్టిగా చెప్పారు. ఆ తర్వాత కూడా చూపు తేటపడకపోవడంతో కొంత రక్తం తీసి, అంతే సెలైన్ ఎక్కించారు. అయితే ఇది మాటిమాటికీ చేయవలసిన పని కాదు, ఎందుకంటే అలా తీస్తూ పోతే ఇనుము తగ్గి, తలనొప్పీ మసకా మళ్ళీ మొదలవుతాయి, పక్షవాతం ముప్పు కూడా పెరుగుతుంది.

చూపు చాలావరకు తిరిగి వచ్చింది గాని, ఆ కంటితో చిన్న అక్షరాలు ఇప్పటికీ చెదిరినట్లే కనిపిస్తాయి. ఊపిరితిత్తుల పీడనానికి ఆమె వాడే సిల్డెనాఫిల్ కూడా కంటికి సంబంధించినదే. రెటీనాలో వెలుతురును గ్రహించే కణాల మీద అది కొంత పనిచేయడం వల్ల కొందరికి వస్తువులు నీలిఛాయతో కనిపిస్తాయి. వయాగ్రా పేరుతో అమ్మేది కూడా ఇదే మందు కాబట్టి, ఆ మాత్రలు అడిగినప్పుడల్లా మందుల దుకాణంలో కుర్రాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. ఆ నవ్వుకు భయపడి మందు కొనడం ఆపేసిన రోగులు తప్పకుండా ఉంటారని నా నమ్మకం.

మీ పాప పెదవులు నీలంగా లేకపోతే ఈ చిక్కదనపు బాధ ఆమెకు ఉండకపోవచ్చు. అయినా పరీక్ష రాయడానికి వేరే కారణం ఉంది: గుండెనూ కంటినీ ఒకే కారణం దెబ్బతీయవచ్చు. గర్భం తొలి నెలల్లో తల్లికి రుబెల్లా (దద్దుర్లతో వచ్చే ఒక వైరస్ జబ్బు) సోకితే బిడ్డకు శుక్లాలు వస్తాయని సిడ్నీ కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్ 1941లో చెప్పినప్పుడు, ఆ పిల్లల్లో చాలామందికి గుండె జబ్బు కూడా ఉందని గమనించారు. మన రెండు రాష్ట్రాల్లో 2017 ఆగస్టులో బడిపిల్లలందరికీ వేసిన తట్టు-రుబెల్లా టీకాను వద్దన్న తల్లిదండ్రులకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్లు లేదు. డౌన్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే జన్యులోపం ఉన్న పిల్లల్లో సుమారు సగం మందికి గుండె లోపం ఉంటుంది, మెల్లకన్నూ చూపు దోషాలూ వాళ్ళలో ఎక్కువ.

కాబట్టి పాపను గుండె ఫైలుతో సహా కంటి వైద్యుని దగ్గరకే తీసుకెళ్ళి, చుక్కలు వేసి రెటీనా చూడమని అడగండి. అద్దాల దుకాణంలో అక్షరాలు చదివించడం ఆ పరీక్ష కాదు.