కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ (ఇంజిన్‌కి బయటి చల్లగాలి అందించే పైపు, ఫిల్టర్) పెట్టిస్తే కారు పవర్ నిజంగా పెరుగుతుందా?

పెరుగుతుంది, కానీ మీ కాలికి తెలిసేంత కాదు. చల్లగాలి చిక్కగా ఉంటుంది, 10 డిగ్రీలు తగ్గితే అదే చోటులో దాదాపు 3 శాతం ఎక్కువ గాలి పడుతుంది, గాలి ఎక్కువైతే పవరూ ఆ మేరకు పెరుగుతుంది, లెక్క అంతే. అయితే కంపెనీవాళ్లు అమాయకులేం కాదు, చాలా కార్లలో ఒరిజినల్ పైపే ముందు గ్రిల్ దగ్గర నుంచి బయటి గాలిని లాగుతుంది. అది తీసేసి ఇంజిన్ పక్కనే మూత లేని ఫిల్టర్ బిగిస్తే, మే నెల ఒంగోలు ట్రాఫిక్‌లో అది పీల్చేది వేడిగాలే. మారేది సౌండు, ఆ బుస్సుమనే చప్పుడుకే స్పీడు పెరిగిందనిపిస్తుంది.

చీమకుర్తి రోడ్డులో గ్రానైట్ లారీల వెనక తిరిగేవాళ్లకైతే నేను అసలు వద్దంటాను, ఆ దుమ్ముకి ఒరిజినల్ ఫిల్టరే మేలు. నూనె పూసే రకం ఫిల్టర్ తీసుకుని నూనె ఎక్కువైతే, గాలిని కొలిచే సెన్సార్‌కి అంటి ఇంజిన్ మిస్సింగ్ (ఆగి ఆగి కొట్టుకోవడం) మొదలవుతుంది. పైపు మరీ కిందికి దించారా, నవంబర్ వానల్లో నెల్లూరు అండర్ బ్రిడ్జి నీళ్లు నేరుగా ఇంజిన్‌లోకే.