క్రూగర్ అండ్ టోల్ మోసం ఆడిటర్లకు ఎందుకు దొరకలేదు?

మీరు అడిగినవి రెండు. ఈ స్వీడిష్ హోల్డింగ్ కంపెనీ (ఇతర కంపెనీల షేర్లు పట్టుకుని నడిపించే సంస్థ) ఏటా 25 శాతం డివిడెండ్ ఎలా పంచింది? ఆడిట్ జరుగుతూనే ఉన్నా 1932 దాకా మోసం ఎందుకు బయటపడలేదు? రెండోదానికి జవాబు దొరికితే మొదటిది దానంతటదే తేలుతుంది. ఆడిటర్లు చూసిన కంపెనీ ఒకటి, డబ్బు వెళ్లిన కంపెనీ మరొకటి.

1908లో ఐవార్ క్రూగర్, పాల్ టోల్ పెట్టింది భవన నిర్మాణ సంస్థ. 1917లో నిర్మాణ పనుల్ని వేరే కంపెనీకి మార్చి, పాత పేరుతోనే దీన్ని హోల్డింగ్ కంపెనీ చేశారు. అదే ఏడు స్వీడన్ అగ్గిపెట్టెల పరిశ్రమ దాదాపు మొత్తం క్రూగర్ నడిపిన స్వీడిష్ మ్యాచ్ కంపెనీ కిందికి వచ్చింది. ఆ తర్వాత వ్యాపార సూత్రం ఒక్కటే: ప్రభుత్వానికి అప్పివ్వడం, బదులుగా ఆ దేశంలో అగ్గిపెట్టెల గుత్తహక్కు తీసుకోవడం. 1927లో ఫ్రాన్స్‌కు 7.5 కోట్ల డాలర్లు, 1929లో జర్మనీకి 12.5 కోట్ల డాలర్లు. ఈ అప్పులు నిజం, ఫ్యాక్టరీలూ నిజం. జనం నమ్మడానికి కారణం అదే. పూర్తిగా బూటకమైన కంపెనీ కంటే సగం నిజమున్న కంపెనీని పట్టుకోవడం చాలా కష్టం.

చిక్కు వడ్డీ దగ్గర వచ్చింది. ఫ్రాన్స్ ఇచ్చేది 5 శాతం. వాటాదారులకు పంచేది 25, చివర్లో 30 శాతం. డివిడెండ్ శాతం ముఖవిలువ మీద లెక్క, మార్కెట్ ధర మీద కాదన్నది నిజమే. అయినా ఆ తేడాను అగ్గిపెట్టెల లాభం పూడ్చలేదు. కొత్త డిబెంచర్లు (కంపెనీ అప్పు పత్రాలు), కొత్త షేర్లు అమ్మిన డబ్బే పాతవారికి డివిడెండ్‌గా వెళ్లింది. అమ్మిన బి షేర్లకు ఒక్కోదానికి వెయ్యోవంతు ఓటే ఉండేది కాబట్టి, ఎంత పెట్టుబడి వచ్చినా పగ్గాలు క్రూగర్ చేతిలోనే ఉన్నాయి.

అమెరికాలో డబ్బు సేకరించడానికి 1923లో ఇంటర్నేషనల్ మ్యాచ్ కార్పొరేషన్ పెట్టారు. వచ్చిన సొమ్ములో పెద్ద భాగం లీక్టెన్‌స్టైన్‌లోని వాడుజ్‌లో ఉన్న కాంటినెంటల్ అనే అనుబంధ సంస్థకు చేరింది. అమెరికా కంపెనీ ఆడిటర్లు ఎర్న్‌స్ట్ అండ్ ఎర్న్‌స్ట్. కాంటినెంటల్ అంకెల్ని మాత్రం వాళ్లు క్రూగర్ నుంచే తీసుకున్నారు. అక్కడ కాగితం మీద రాసిన లాభం ఇక్కడ ఆదాయంగా మారింది.

జర్మనీ ఒప్పందం కుదిరింది 1929 అక్టోబరులో, అమెరికా మార్కెట్ కుప్పకూలుతున్న రోజుల్లోనే. ఇవ్వాల్సిన అప్పు తలమీద ఉంది, కొత్త కాగితాలు కొనేవాళ్లు కరువయ్యారు. 1931లో క్రూగర్ తన చేతిలోని స్వీడిష్ టెలిఫోన్ కంపెనీ ఎరిక్‌సన్ షేర్లను అమెరికా టెలిఫోన్ కంపెనీ ఐటీటీకి 1.1 కోట్ల డాలర్లకు అమ్మాడు. ఆ కొనుగోలు కోసం ఆడిట్ సంస్థ ప్రైస్ వాటర్‌హౌస్ ఎరిక్‌సన్ లెక్కలు చూసింది. నగదుగా చూపిన ఒక పెద్ద పద్దు నిజానికి క్రూగర్ సంస్థల నుంచి రావాల్సిన బాకీ అని తేలింది. 1932 ఫిబ్రవరిలో ఐటీటీ డబ్బు వెనక్కి అడిగింది. మార్చి 12న పారిస్‌లో క్రూగర్ మరణించాడు. తీగ లాగితే డొంకంతా కదిలింది.

అప్పుడు బయటపడ్డవే ఇటలీ బాండ్లు: ఒక్కొక్కటి 5 లక్షల పౌండ్ల విలువతో 42. వాటికి తోడు ప్రామిసరీ నోట్లు. ఇటలీ ప్రభుత్వం వాటిని జారీ చేయనే లేదు. సంతకాలు క్రూగర్ పెట్టినవే, ఒకే అధికారి పేరు స్పెల్లింగ్ అన్నింట్లో ఒకేలా కూడా లేదు. ఎవరైనా ఆ కాగితాలు తీసి పక్కపక్కన పెట్టి చూసినా, రోమ్‌కు ఒక ఉత్తరం రాసినా చాలేది.

ఇప్పుడు ఏ హోల్డింగ్ కంపెనీ లెక్కలు చదివినా నేను ముందు తెరిచేది లాభనష్టాల ఖాతా కాదు, ఆడిట్ నివేదికలో ‘ఇతర అంశాలు’ అనే పేరా. ఎన్ని అనుబంధ సంస్థల్ని వేరే ఆడిటర్లు చూశారు, ఎన్నింటికి ఆడిటే కాలేదు, మొత్తం ఆస్తుల్లో వాటి వాటా ఎంత అన్నది సాధారణంగా అక్కడే ఉంటుంది. ఆ వాటా సగం దాటి, ఆ సంస్థలు మీకు అర్థంకాని దేశాల్లో ఉంటే, పైన రాసిన ఏకీకృత లాభానికి (గ్రూపు సంస్థలన్నింటిదీ కలిపి చూపే లాభం) పెద్దగా విలువ ఇవ్వకండి.

తర్వాత నగదు. ఏడాది మొదటి, చివరి నిల్వల సగటు తీసి, వచ్చిన వడ్డీని దాంతో భాగించండి. డిపాజిట్ రేటు 6 శాతం ఉన్నచోట 1 శాతం వస్తే, ఆ డబ్బు లేదు, లేదా ఇంకెక్కడో ఇరుక్కుంది. వడ్డీ సరిపోయినంత మాత్రాన ఊరట పడకండి, దొంగ లెక్క రాసేవాడు వడ్డీనీ రాస్తాడు. 2009లో బయటపడ్డ సత్యం కంప్యూటర్స్ మోసంలో 5,040 కోట్ల రూపాయల లేని నగదుతో పాటు 376 కోట్ల లేని వడ్డీనీ చూపారు. అందుకే బ్యాంకు ధ్రువీకరణ లేఖ ఆడిటర్ నుంచి నేరుగా బ్యాంకుకు వెళ్లాలి, జవాబు నేరుగా ఆడిటర్‌కే రావాలి. కంపెనీ ఉద్యోగి చేతి మీదుగా వచ్చిన లేఖ సాక్ష్యం కాదు.

మాతృసంస్థ విడి లెక్కల్లో అనుబంధ సంస్థల నుంచి నగదుగా అందిన డివిడెండ్ ఎంతో చూడండి. గ్రూపులోనే షేర్లు చేతులు మార్చి చూపిన లాభాన్ని పక్కన పెట్టండి. అయిదేళ్ల నిర్వహణ నగదు ప్రవాహాన్ని (అసలు వ్యాపారం నుంచి వచ్చిన నగదును) కలిపి, అయిదేళ్ల వడ్డీ, డివిడెండ్లతో పోల్చండి. ఆ లోటు ఏటా కొత్త అప్పుతో పూడుతుంటే, మీరు చూస్తున్నది క్రూగర్ పద్ధతే. ప్రమోటర్ షేర్ల తాకట్టు శాతం త్రైమాసిక వాటాల పట్టికలో దొరుకుతుంది, అదీ చూడండి.